పుట్టింట్లో వదిలిన పిడికెళ్లు

నీలవేణి చదివిన కాలేజీని మొయినాబాద్‌లో అందరూ కోళ్ల కాలేజీ అనేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు. ఒకప్పుడు అది కోళ్లఫారమే. ఆ రేకుల షెడ్డును కిరాయికి తీసుకుని, నడుమ గోడలు లేపి, సున్నం కొట్టించి, చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లల కోసం నిర్మలమ్మ అందులో డిగ్రీ కాలేజీ పెట్టింది. సున్నం ఎన్నిసార్లు కొట్టినా, తొలకరి పడగానే నేలలోంచి ఆ పాత వాసన లేచేది. బస్సులో సిటీ కాలేజీల పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వితే నీలవేణి వెనక్కి తిరిగేది.

"అవ్, కోళ్ల కాలేజే! మేం కూస్తెనే మీకు తెల్లారుతది. తెలుసా?"

ఆ నోరు ఆమెకు తల్లి నుంచి వచ్చింది. ఆ తల్లి నీలవేణి పదో తరగతిలో ఉండగానే పోయింది. తండ్రి ఎల్లేశ్‌కు అజీజ్‌నగర్‌లో చిన్న ఇల్లు, దాన్ని ఆనుకుని కొంచెం పొలం. పాలకూర, కొత్తిమీర పండించి మోపులు కట్టి అమ్మేవాడు. కూతురు ఇంటర్ పాసయ్యాక చేయి పట్టుకుని కాలేజీకి తీసుకొచ్చి, నిర్మలమ్మ ముందు నిలబెట్టాడు.

"చదువు సంగతి నాకు తెల్వదమ్మా. తల్లి లేని పిల్ల. మీ కండ్ల ముంగట ఉంటదని తెచ్చిన."

నిర్మలమ్మ చిన్న మంగళారంలో పెద్ద వ్యవసాయం ఉన్న ఇంటి కోడలు. చిన్న వయసులోనే భర్త పోయాడు. మరుదులందరూ రాజకీయాల్లో తిరుగుతుంటే, ఆమె ఈ షెడ్డును పట్టుకుని కూర్చుంది. "ఉంటది తియ్యి ఎల్లేశ్," అన్నది. ఆ మాటను అక్షరాలా నిలబెట్టుకున్నది.

ఆ కాలేజీలో లైబ్రరీ అంటే రెండు బీరువాలు. కంప్యూటర్లు కూడా అంతంతమాత్రమే. కానీ వెనకాల ఒక వంటగది, అందులో మూతపెట్టిన బియ్యం డ్రమ్ము ఉండేవి. గంట కొట్టడం నుంచి ఊడ్చడం దాకా అన్నీ చూసుకునే అంతమ్మ ఒక్కతే ఆ డ్రమ్ముకు యజమానురాలు. పొద్దున్నే పనులు చేసుకుని, డబ్బా కట్టుకోకుండానే పరుగున బస్సెక్కే పిల్లలు చాలామంది. గేటు దగ్గర వాళ్ల ముఖాలు చూసి అంతమ్మ అడిగేది ఒకటే మాట. "తిన్నవా బిడ్డా?" తిన్నానని అబద్ధం చెబితే ఆమెకు తెలిసిపోయేది. మధ్యాహ్నం పళ్లెం పట్టుకుని క్లాసులోకే వచ్చేది. పాఠం చెబుతున్న లెక్చరర్ కూడా ఆమెకు అడ్డు చెప్పేది కాదు.

నీలవేణి డిగ్రీ అయ్యేసరికి గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. వాటిలో ఒకదానిలో కంప్యూటర్ ముందు ఉద్యోగం దొరికింది. చేవెళ్లలో ఉండే ప్రభాకర్‌తో పెళ్లయింది. అతను కంపెనీ ఉద్యోగులను సుమోలో తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. "నువ్వు కంపెనీ లోపట, నేను బయట. ఇద్దరం సాఫ్ట్‌వేరే," అని నవ్వేవాడు.

ఆ గాలే అజీజ్‌నగర్‌కూ వీచింది. ఎల్లేశ్ పోయిన ఏడాదికే, రోడ్డు పక్క భూములన్నీ ఫామ్‌హౌసులవుతుంటే, అన్న శ్రీశైలం పొలాన్నీ ఇంటినీ కలిపి అమ్మేశాడు. నీలవేణి ఏమీ అడగకుండా సంతకం పెట్టింది. ఆ రోజు శ్రీశైలం ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నీ చీరె సారెకు లోటు రానియ్య చెల్లె," అన్నాడు. ఆ మాట మనసులోంచే అన్నాడు. కానీ వచ్చిన పైకాన్ని ఎవరి మాటో నమ్మి వెంచర్‌లో పెట్టాడు. అది మునిగింది. షాద్‌నగర్‌లో కిరాయి ఇంట్లోకి మారాడు. సిగ్గు మనిషిని ఎంత దూరం నడిపిస్తుందో! మొదట రాకపోకలు ఆగాయి. తర్వాత అతను ఫోన్ చేయడమూ మానేశాడు. వాళ్ల ఇల్లున్న చోట ఎవరిదో ఈత కొలను, చుట్టూ ఎత్తైన గోడ.

పెళ్లయిన ఆడపిల్లకు మూడో ఏడు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పసుపు, నెయ్యి కలిపిన బియ్యాన్ని ఎండుకొబ్బరి కుడుకలతో, ఖర్జూరాలతో కొంగు నిండా పోసి, కొత్త చీర పెట్టి పంపుతారు. మూడో ఏడు తప్పితే ఐదో ఏడు. నీలవేణికి మూడో ఏడు ఎవరూ పిలవలేదు. ఇప్పుడు ఐదో ఏడు.

అత్త ధనమ్మకు నోరు కారం. మనసు కాదు. అయినా వాడకట్టు అడుగుతుంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

"మీ అన్న పిలుస్తడా లేదా ఈయేడన్న? మొన్న సత్తమ్మ అడుగుతున్నది, మీ కోడలికి పుట్టిల్లు ఉన్నదా అని."

"ఫోన్ చేసిన అత్తమ్మ. చూద్దం అన్నడు."

"చూసి చూసి కండ్లు కాయలు కాసినయ్. పోనీ, మా అక్కతోని పోపిస్త. ఏదో ఒకటి, అయితే అయిపోతది."

"వద్దు," అన్నది నీలవేణి. "అడుక్కొచ్చుకున్న పుట్టిల్లు నాకెందుకు అత్తమ్మ?"

అన్నదే గానీ, ఆ రాత్రి అన్నం సయించలేదు. ఐదో ఏడూ దాటిపోతే తనకు పుట్టిల్లు లేదని తేలిపోయినట్లే. పోట్లాడి అలిగినా, సంతోషం వచ్చినా, ప్రభాకర్‌తో "మా ఇంటికి పోతున్న" అనడానికి ఒక దిక్కు లేకుండా పోతుంది. ఆమెకు బియ్యం మీద ఆశ లేదు, చీర మీద అసలే లేదు. ఆ ఒక్క మాట అనగలగాలి, అంతే.

మరుసటి వారం ఆఫీసు నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. మొయినాబాద్‌లో బస్సు ఆగినప్పుడు, ఎందుకో తెలియకుండానే దిగిపోయింది. తడిసి కాలేజీ గేటు దాటగానే ఆ పాత వాసన, దాని వెనకే ఆ పాత గొంతు.

"తిన్నవా బిడ్డా?"

నీలవేణి ఏడ్చేసింది. వంటగదిలో పీట మీద కూర్చోబెట్టి, పప్పన్నం పెట్టి, సంగతంతా రాబట్టింది అంతమ్మ. విన్నాక ఊరుకుంటుందా! చెయ్యి పట్టుకుని నిర్మలమ్మ గదికి లాక్కుపోయింది.

"జర ఇనున్రి అమ్మా, గీ పిల్లకు పుట్టిల్లు లేదంట! మరి గిదేందంట? ఇన్నేండ్లు ఎవలింట్ల తిన్నదంట?"

నిర్మలమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నది. తర్వాత, "శుక్రవారం మంచిదే," అన్నది. "మీ అత్తమ్మను, ప్రభాకర్‌ను తీస్కొని రా నీలా. పుట్టింటోళ్లు పిలిచిన్రని చెప్పు."

శుక్రవారం సుమో దిగగానే ధనమ్మ చుట్టూ చూసింది. "ఇదేందిరా, కోళ్లఫారం లెక్కున్నది?"

"కోళ్లఫారమే అమ్మా," అన్నాడు ప్రభాకర్. "లోపటికి నడువ్."

లోపల క్లాసుగదిలో బెంచీలన్నీ గోడకు జరిపి ఉన్నాయి. పిల్లలు ముగ్గులు వేశారు. బోర్డు మీద ఆర్థికశాస్త్రం పాఠం సగం చెరిపి ఉంది, దాని కింద పీట. పళ్లెంలో పచ్చని బియ్యం, పక్కన ఆకుపచ్చ చీర. పెళ్లయిన లెక్చరర్లు వరుసగా నిలబడ్డారు. నీలవేణి పీట మీద కూర్చుంది. కానీ కొంగు చాపలేదు. ఆమె చూపు గుమ్మం దగ్గర, అందరికీ వెనకాల నిలబడిన నిర్మలమ్మ మీద ఉంది.

"మేడం ముందు పోస్తెనే."

లెక్చరర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒడిబియ్యం ముత్తైదువలే పోస్తారు. అది అక్కడున్న చిన్న పిల్లకు కూడా తెలుసు.

"నాకు తగదు బిడ్డా," అన్నది నిర్మలమ్మ మెల్లగా. "నీ మంచికే చెప్తున్న. కానియ్యి, వాళ్లు పోస్తరు."

నీలవేణి కదలలేదు. అందరి కళ్లూ ధనమ్మ మీదికి పోయాయి. ఒడి నింపుకుని పోయేది ఆమె ఇంటికే కదా. మంచైనా చెడైనా ఆ గడపకే. ధనమ్మ కోడలి ముఖం చూసింది, గుమ్మంలోని తెల్లజుట్టు మనిషిని చూసింది, పళ్లెం చూసింది.

"మమ్ముల పిలిచిందెవలు?"

"మేడమే," అన్నది నీలవేణి.

"మరి పిలిచినామె గాదా తల్లి? తల్లి నిలవడి ఉండంగ ఊరోళ్లు పోస్తరా ఎక్కడన్న? నేను ఒప్పుకుంటున్న గదా, ఇంక ఎవలికి ఫికర్? రా అమ్మా రా, బియ్యం ఆరిపోతున్నయ్!"

నిర్మలమ్మ వచ్చింది. దోసిలి నిండా తీసి పోస్తుంటే, కొన్ని గింజలు నేల మీద పడ్డాయి. అంతమ్మ వాటిని ఒక్కొక్కటే ఏరి, మళ్లీ కొంగులో వేసింది.

ఒడి నిండాక ఇంకో పని మిగులుతుంది. పుట్టిల్లు వట్టిపోకుండా, ఆ బియ్యంలోంచి ఐదు పిడికెళ్లు కూతురు ఆ ఇంట్లోనే వదిలిపోవాలి. ఏ ఇంట్లోనైనా దేవుని అర్రలో, పటాల ముందు వదులుతారు. ఇక్కడ దేవుని అర్ర ఎక్కడ? నీలవేణి ఆలోచించలేదు. బరువైన కొంగు పట్టుకుని నేరుగా వెనక వంటగదికి నడిచింది. అంతమ్మ డ్రమ్ము మూత ఎత్తి పట్టుకున్నది. వంగి చూస్తే బియ్యం అడుగున ఉన్నాయి. తాను తిన్న అన్నం ఎక్కడి నుంచి వచ్చిందో నీలవేణి ఏనాడూ అడగలేదు. నిర్మలమ్మ పొలం నుంచి వచ్చేదని, మరుదులు ఆ పొలం పంచుకున్నాక కొని పోస్తున్నదని అంతమ్మ అప్పుడు చెప్పింది. తెల్ల బియ్యం మీద పచ్చని పిడికెళ్లు పడ్డాయి.

జీతం రాగానే నీలవేణి, ప్రభాకర్ సుమో వెనక బియ్యం బస్తా వేసుకొచ్చారు. నిర్మలమ్మ బయటికి వచ్చి, "డొనేషనా? ఆగు, రసీదు రాయిస్త," అన్నది.

"పుట్టింటికి రసీదేంది మేడం?" అన్నది నీలవేణి.

ఈ సంగతి ఆమె చెప్పుకోలేదు. ధనమ్మ చెప్పింది, చేవెళ్ల అంగడంతా. ఆ తర్వాత అక్కడ చదివినవాళ్లలో తల్లులు లేనివాళ్లు ఒడి నింపుకోవడానికి వచ్చారు. తల్లులుండీ వచ్చినవాళ్లూ ఉన్నారు. వచ్చినవాళ్లు డ్రమ్ములో పిడికెళ్లు వదిలి ఊరుకోలేదు. ఒకామె ఫ్యాన్లు పెట్టించింది, ఒకామె కంప్యూటర్లు పంపింది. కనకమామిడి ఊరి రైతు కుర్మయ్య ఇద్దరు బిడ్డలూ అక్కడే చదివారు. అతను వారం వారం టమాటలు దింపిపోయేవాడు. రోడ్డు పక్క పొలం అమ్మినప్పుడు వంటగది రేకులు తీయించి స్లాబు వేయించాడు. పేరు రాయిద్దామంటే, "వంటింటికి పేరు రాస్తరా ఎవలన్న?" అని కోప్పడ్డాడు.

ఒకసారి ఏదో కంపెనీ నుంచి వచ్చిన సారు, ఇంత చిన్న కాలేజీకి ఇంతమంది ఎందుకు ఇస్తున్నారని నిర్మలమ్మను అడిగాడు. అంతమ్మకు సాయంగా వచ్చి, అక్కడే చిక్కుడుకాయలు వలుస్తున్న ధనమ్మ తల ఎత్తింది. "నువ్వు మీ అమ్మకు చీరె కొనవా సారూ? కొన్నప్పుడు ఎందుకు కొన్నవని ఎవలన్న అడుగుతరా?"

మళ్లీ ఒడి నింపే ఏడో ఏడు వచ్చింది. ఈసారి ధనమ్మ పిలుస్తారా అని అడగలేదు. "మీ ఇంట్ల ఎన్నడు పెట్టుకున్నరే?" అని అడిగింది. ప్రభాకర్ ఎవరికీ చెప్పకుండా షాద్‌నగర్‌కు ఒక ఫోన్ చేశాడు.

ఆ పొద్దు లోపల పీట వేస్తుండగా, గేటు బయట ఒక మనిషి చీర ప్యాకెట్ చంకలో పెట్టుకుని, లోపలికి రాలేక, తిరిగిపోలేక నిలబడి ఉన్నాడు. అంతమ్మ అతన్ని ఎన్నడూ చూడలేదు. శ్రీశైలం అని ఆమెకు తెలియదు. చీపురు పక్కన పెట్టి, ముఖంలోకి పరీక్షగా చూసింది.

"తిన్నవా బిడ్డా?" అన్నది.