ముద్ద ముద్దకీ నీళ్లు

మా ఆవిడ నాకు వడ్డించి, నేను చెయ్యి కడుక్కున్నాకే తింటుంది. అందుకే ముద్ద ముద్దకీ నీళ్లు తాగి మింగుతోందని నాకు నెలల తరబడి తెలియలేదు. ఒకనాడు కళ్లజోడు వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్తే, పులుసన్నం గొంతులో అడ్డుపడి కళ్లనీళ్లతో కనిపించింది. చెప్పనందుకు తనమీదా, చూడనందుకు నామీదా మండిపడ్డాను.

మర్నాడే రాజమండ్రి తీసుకెళ్లాను. థైరాయిడ్‌లో నీటిగడ్డ ఉండి గొంతును నొక్కుతోందని చెప్పి, డాక్టరుగారు సన్నని సూదితో ఆ నీరంతా లాగేశారు. పరీక్షలో భయపడాల్సిందేమీ లేదని తేలింది.

ఇకమీదట ఇద్దరం కలిసే తినాలని పట్టుబట్టాను. మొదటిరోజే నాలుగు ముద్దలు తిని ఆగిపోయింది. "మళ్లీ అడ్డుపడుతోందా?" అని కంగారుపడ్డాను.

"గొంతు బాగానే ఉందండీ. మీరలా నా మెడ వంకే చూస్తుంటే ముద్దెలా దిగుద్ది? ఎప్పట్లాగే మీ కంచంలోకి చూసుకుని తినండి."