హీరో కుంటిన చోటు

విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో ముందు సీటామె ఫోన్‌లో సినిమా పెట్టింది. ఇంట్లోంచి పారిపోయి నిధి వెతికే ప్రేమజంట కథ. మా జిల్లాల్లో అందరికీ డైలాగులతో సహా వచ్చు. హీరోయిన్ గొడుగు గాలికి ఎగిరిపోతే, దాని కోసం హీరో బండ మీంచి దూకి పడతాడు, కుంటుకుంటూ వెళ్లి ఆమెకిస్తాడు. ఆ నడకను వెనక నుంచి చూపిస్తారు. చుట్టుపక్కల సీట్లన్నీ నవ్వాయి.

నా పక్కనున్నాయన మెల్లగా అన్నాడు: “ఆ దూకినోడిని నేనే. డూపుని. కాలు అప్పుడే ఇరిగిపోనాది.”

ముందు సీటామె వెనక్కి తిరిగింది. “ఏటి అన్నయ్యా, హీరోవి నువ్వేటి?”

“నిజిమే అమ్మా. ఇంట్లో కూడా నమ్మరు.”

“అయితే నడిసి సూపించు.”

ఆయన లేచి, పైనున్న రాడ్ పట్టుకుని డ్రైవర్ దాకా నడిచాడు. ఎడమ పాదం బయటికి తిరిగి ఉంది. అడుగడుగుకీ నడుము ఒరుగుతోంది. అచ్చం తెర మీది నడకే. బస్సంతా పగలబడి నవ్వింది.

“ఈడే, ఈడే. ఇంకోపాలి నడు మావా, వీడియో తీస్తాను,” అన్నాడు వెనక సీటతను.

ఆయన మళ్లీ నడిచాడు. కుదుపుకి పడబోతే చప్పట్లు కొట్టారు.

వచ్చి కూర్చుని, మోకాలిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

“నమ్మినారు కదా బాబూ?”

“అందరూ నమ్మారండీ,” అన్నాను.

ఆయన ముఖం తేటపడింది.