ముగ్గుపిండి గళ్లు

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన ఆ ఏళ్లలో నా బతుకంతా చార్టుల చుట్టల మధ్యే గడిచింది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బళ్లలో ప్రదర్శనలు పెట్టడం నా ఉద్యోగం. భూమి ఎవరికుంది, ఎవరికి లేదు, బడికి ఎవరు రావడం లేదు, ఇవన్నీ బొమ్మలేసి పిల్లలకు చెప్పాలి. అయ్యాక ఒక ఫారం నింపాలి. అందులో చివరి ప్రశ్న, ‘పిల్లలకు అర్థమైనదా?’ అని. పిల్లలేమో బొమ్మల మీసాలు చూసి నవ్వుకునేవారు. నేను ‘అయినది’ అని రాసేసి బస్సెక్కేవాణ్ణి. ఒట్టి విసుగు.

మంచిర్యాల దగ్గర బొగ్గుగనుల కాలనీ బడికి వెళ్లిన రోజు చార్టులన్నీ వానకు తడిసి ముద్దయ్యాయి. నా ఖర్మ! ఏం చేయను? వరండాలో ముగ్గుపిండితో రెండు గళ్లు గీశాను. బొమ్మలెందుకు, పిల్లలనే నిలబెడదాం అనుకున్నాను. ఇంత మంచి ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"మీ సొంతూళ్లె మీ అవ్వ బావిల తానే నీళ్లు చేదుకుంటే గీ గడిల నిలవడుండ్రి. ఎవలన్న పోస్తెనే తెచ్చుకుంటే గా గడిల. అబద్ధమాడద్దు" అన్నాను.

కాలనీలో అందరికీ ఒకటే నల్లా. గని పనికి ఎవరు ఏ ఊరినుంచి వచ్చారో, అక్కడ ఏ వాడవాళ్లో ఎవరూ అడగరు. పిల్లలంతా బిలబిలమంటూ మొదటి గడిలోకే పోయారు. పదేళ్ల పిల్ల ఒకతె మాత్రం కాస్త ఆలోచించి రెండో గడిలోకి నడిచింది.

"మా అవ్వకు పోస్తరు సార్."

నిజం చెప్పినందుకు శెభాష్ అన్నాను. మురిసిపోయింది. ఆ బావుల కట్టుబాటు ఎంత అన్యాయమో అరగంట చెప్పాను. పిల్లలు అంత శ్రద్ధగా వినడం నేనెన్నడూ చూడలేదు.

తర్వాత నీళ్లు తాగడానికి వదిలారు. ఆ పిల్ల రోజూలాగే కుండలో గ్లాసు ముంచబోయింది. పక్కన కూర్చునే స్నేహితురాలే ఆ గ్లాసు లాక్కుంది.

"నువ్వు ముట్టకు. దోసిలి పట్టు, నేను పోస్త."

కోపంగా కూడా కాదు, మామూలుగానే అంది. ఆ పిల్ల నావైపు ఒకసారి చూసి దోసిలి పట్టింది. నేను పరుగెత్తి గ్లాసు తీసి ఆమె చేతికే ఇచ్చాను, అందరినీ తిట్టాను. ఆమె మాత్రం తాగలేదు.

సాయంత్రం ఆ పిల్ల తండ్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు, ముఖం నిండా మసి. అరుస్తాడనుకున్నాను.

"గిందుకే ఊరిడిసి వచ్చినం సార్. గీడ మా నీళ్లు మేమే పట్టుకున్నం ఇన్నొద్దులు, ఎవలూ పొయ్యలే. ఇగ ఏడికి పోవాలె?"

సిగ్గుతో చచ్చిపోయాను.

తిరుగు రైల్లో ఫారం తీశాను. చివరి ప్రశ్న ఒక్కటే మిగిలింది. పిల్లలకు అర్థమైనదా? ఇన్నేళ్లలో మొదటిసారి, అబద్ధం కాకుండా, ‘అయినది’ అని రాశాను.