బిళ్ల కట్టిన పౌడరు

డుంబ్రిగుడ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికూతురి ముఖం తీర్చిదిద్దాలంటే రాజకుమారిని పిలుస్తారు. విశాఖలో బ్యూటీషియన్ కోర్సు చేసి వచ్చిన మనిషి. ఆమెకు షాపు లేదు, ఒక సంచీ ఉంది. ఆ సంచీనీ ఆమెనూ మోటార్ సైకిల్ మీద కొండలెక్కించే మొగుడు ధర్మ ఉన్నాడు. ఆమె పనికి శత్రువంటూ ఉంటే అది ఘాట్ రోడ్డే. ఎంత బిగించినా పౌడరు సీసా మూత ఏదో ఒక మలుపులో ఊడిపోతుంది. ఊరు చేరేసరికి సంచీలో దువ్వెనలూ హెయిర్ పిన్నులూ శుభ్రంగా పౌడరు పూసుకుని ఉంటాయి. పెళ్లికూతురికి మాత్రం మిగలదు.

సోని అనే పిల్ల పెళ్లికి ముందురోజు రాజకుమారి తన ఫోనులో ఒక వీడియో చూసింది. పౌడరులో ఆల్కహాల్ చుక్కలు వేసి ముద్ద చేసి, ఖాళీ కాంపాక్ట్ డబ్బాలో పరిచి, పైన గుడ్డ వేసి అదిమి ఆరబెడితే బిళ్ల కడుతుందట. ఆల్కహాల్ ఎగిరిపోతుంది, పౌడరు మిగులుతుంది. మందుల షాపుకు పోతే స్పిరిట్ అయిపోయిందన్నారు. ఆ రోజు సంత. సంత చివర ముత్యాలమ్మ ఇప్పసారా పెట్టుకుని కూర్చుంది. ఆల్కహాల్ ఏదైనా ఆల్కహాలే కదా అనుకుంది రాజకుమారి. ఆ ఆలోచన ఆమెకు భలే తెలివిగా తోచింది.

అయితే వాళ్లింట్లోకి సారా రావడం చిన్న సంగతి కాదు. ధర్మ ఒకప్పుడు తాగి రోడ్డు పక్కన పడి ఉండేవాడు. రెండేళ్ల కిందట చర్చిలో అందరి ముందూ మానేస్తానని మాటిచ్చాడు, మానేశాడు. మళ్లీ ముట్టుకుంటే సంఘం నుంచి వెలివేస్తామని పెద్దలు అప్పుడే చెప్పారు. అందుకే అతను కాఫీ తోట నుంచి వచ్చేలోపే ఆమె పని ముగించింది. ముద్ద మీద పాత చీర ముక్క కప్పి గ్లాసు అడుగుతో అదిమింది. మిగిలిన సారా పెరట్లో పారబోసి, డబ్బాను పొయ్యి గట్టు మీద పెట్టింది. తెల్లారేసరికి పైన నేత గుర్తులతో అచ్చం కొన్న బిళ్లలాగే ఉంది. మంచు రోజులు, పైపైన ఆరింది గానీ లోపల తడి పోలేదు. ఆమెకేమో జలుబు, ముక్కు పనిచేయడం లేదు.

దారిలో రవ్వంత పౌడరు కూడా ఒలకలేదు. సోని ముఖం మీద చక్కగా నిలిచింది కూడా. రాజకుమారి సంతోషంగా కనుబొమలు దిద్దుతూ ఉండగా సంఘపెద్ద సుక్రు గదిలోకి వచ్చాడు. వచ్చినవాడు ఆగి, ముక్కు ఎగబీల్చి, గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడ్డ ధర్మను చూశాడు.

"ఏటి ధర్మా, మళ్లీ మొదలెట్టినావా? పెళ్లింటికే తాగి వచ్చినావా?"

"నేదు పెద్దయ్యా."

తాగి ఉన్న రోజుల్లో కూడా అతను సరిగ్గా ఇలాగే అనేవాడు. అందుకని ఎవరూ నమ్మలేదు.

రాజకుమారికి అప్పుడు వెలిగింది. నోరు మూసుకుంటే మొగుడి పరువు పోతుంది. తెరిస్తే, పెళ్లికూతురికి సారా పూసినదాన్ని ఇక ఏ ఇంటికీ పిలవరు. ఆమెకు భయం వేసింది. అయినా డబ్బా తీసుకెళ్లి సుక్రు ముక్కు కింద పెట్టింది.

"ఆడు తాగనేదు పెద్దయ్యా. నానే, పౌడరు గట్టిపడతాదని సారా కలిపినాను."

సుక్రు డబ్బా వాసన చూశాడు. బయటికి వెళ్లిపోయాడు. సోని తల్లి కూతురి ముఖం సబ్బుతో కడిగించింది. సోని వట్టి ముఖంతోనే చర్చికి వెళ్లింది, బాగానే ఉంది. రాజకుమారిని భోజనానికి ఉండమని ఎవరూ అనలేదు.

తిరిగి వస్తూ ఒక మలుపు దగ్గర బండి ఆపించి, ఆమె ఆ బిళ్లను గీకి గడ్డిలో పారేసింది.

"వచ్చినప్పుడు దారంతా సంచీ నీ ముందే ఉంది గదా. వాసన రానేదా నీకు?"

"వచ్చింది."

"మరి సెప్పవేటి?"

ధర్మ బండి స్టార్ట్ చేశాడు.

"రోజూ వత్తాది నాకా వాసన. నాకొక్కడికే అనుకున్నాను."