తాళంకప్పగారి సముద్రస్నానం

వీధి వీధంతా ఆయన్ని తాళంకప్ప అనే పిలుస్తుంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు. అది పెళ్ళి శుభలేఖ మీద ఒకసారి దర్శనమిచ్చి, ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. పాడైన తాళాలు బాగుచేయడం, పోయిన తాళంచెవులకి మారుచెవులు చేసివ్వడం ఆయన పని. ముందుగది కొట్టు, వెనక రెండు గదులూ కాపురం. కొట్టు గోడ నిండా మేకులు, ఆ మేకుల నిండా తాళంచెవులు. కాస్త గాలి వీచిందంటే ఇల్లంతా గలగలమంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఇల్లాలు ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లేచేది. ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతే నిద్రపట్టదు. వంటింట్లో కూర కలుపుతూనే, కొట్లోంచి వినపడే టక్కుని బట్టి తాళం పడిందో ఊడిందో చెప్పేస్తుంది.

ఇంత తాళాల మనిషి కదా, నిశ్చింతగా ఉంటాడనుకుంటాం. అదేం లేదు. తాళం ఎంత సులువుగా ఊడొస్తుందో ఆయనకి తెలిసినంతగా ఊళ్ళో దొంగలకి కూడా తెలియదు. ఆ సంగతి తెలిసినవాడికి కంటిమీద కునుకెలా పడుతుంది? అందుకే వీధితలుపుకి తాళం, పెరటితలుపుకి తాళం, బీరువాకి తాళం, బీరువా తాళంచెవి దాచిన పెట్టెకి ఇంకో తాళం. ఒకసారి పంచదార డబ్బాకి కూడా వేశాడు. అదేమిటంటే చీమల కోసమన్నాడు. ఇంతా చేసి ఆ ఇంట్లో ఎత్తుకుపోవడానికి ఏముందయ్యా అంటే, జనం బాగుచేయమని ఇచ్చిపోయిన పాడు తాళాలు.

ఇన్ని తాళాలున్నా ఆయనకి ఏ ఒక్కదాని మీదా నమ్మకం లేదు. ఇంట్లో ఒక మనిషి ఉండి తీరాలి. పెళ్ళికి పిలుపొస్తే పొద్దున్న ఆయనా కూతురూ వెళ్ళొస్తారు, సాయంత్రం అత్తాకోడళ్ళు వెళ్తారు. బంధువుల ఫోటోల్లో ఈ కుటుంబం ఎప్పుడూ సగమే ఉంటుంది. ఆల్బం చూసినవాళ్ళు నాన్నకి పెళ్ళాం లేదనీ, అమ్మకి మొగుడు లేడనీ అనుకుంటారని కాలేజీలో చదువుతున్న కూతురు వేళాకోళం చేసేది. ఇల్లాలు నవ్వేది. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి, కాసేపు ఊరికే నిలబడేది.

ఆవిడ కోరిక అంత పెద్దదేం కాదు. నగా నట్రా అడగలేదు. నలుగురూ కలిసి, ఒక్కసారి, ఒకచోట, వెనక్కి తిరిగి చూసుకోకుండా కూర్చోవాలి. పిల్ల చదువు అయిపోవస్తోంది, రేపు ఏ ఊరు వెళ్తుందో తెలియదు. అత్తగారి మోకాళ్ళు రోజురోజుకీ మొరాయిస్తున్నాయి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అన్న బెంగ ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది.

అలాంటి రోజుల్లో ఒక లాయరుగారి ఇనప్పెట్టె మొండికేసింది. ఎవరెవరో వచ్చి చేతులెత్తేశాక తాళంకప్పని పిలిచారు. ఆయన పెట్టె పక్కన చతికిలబడి, దానికి చెవి ఆనించి, పసిపిల్లని బుజ్జగించినట్టు బుజ్జగించి తెరిచేశాడు. లాయరుగారు పొంగిపోయి, సముద్రపొడ్డున తనకో పాక ఉందనీ, ఇంటిల్లిపాదీ వెళ్ళి సరదాగా ఉండి రమ్మనీ అన్నాడు. దానికి మన వాడు అడిగిన మొదటి ప్రశ్న, ఆ పాకకి ఏ రకం తాళం ఉందండీ అని. లాయరుగారు అదేదో ఛలోక్తి అనుకుని పగలబడి నవ్వాడు.

ఇల్లాలు ఈసారి పట్టిన పట్టు విడవలేదు. ఇంటి కాపలాకి మరిదిని ఒప్పించింది. అన్నగారు తమ్ముణ్ణి లోపల కూర్చోబెట్టి బయటినుంచి తాళం వేయబోయాడు. తమ్ముడు ససేమిరా అన్నాడు. ఆ రగడతో మొదటి బస్సు తప్పిపోయింది. రెండో బస్సులో నలుగురి బట్టలూ ఒక సంచీలో, పనిముట్లు ఇంకో సంచీలో సర్దుకుని కూర్చున్నారు. ఆయన ఒళ్ళో తువ్వాలు చుట్టి పెట్టుకున్నది పెద్దాయన. పెద్దాయనంటే మనిషి కాదు, ఆయన సొంత చేతుల్తో చేసుకున్న తాళం. దాన్ని చెవి లేకుండా తెరవడం నా వల్ల కూడా కాదని కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. అమ్మమంటే అమ్మడు. సెలవులకి వెళ్తూ జనం కెమెరా తీసుకెళ్తారు, ఈయన పెద్దాయన్ని తీసుకెళ్ళాడు.

పాక చూడముచ్చటగా ఉంది. పైన కొబ్బరాకుల కప్పు, చుట్టూ కొబ్బరాకుల తడికలే గోడలు, లోపల ఇసక మీద చెక్కలు పరిచిన నేల. గడప దాటితే ఇసక, ఇసక దాటితే సముద్రం. కూతురు చెప్పులు విసిరేసి పరుగెత్తింది. అత్తగారు మోకాళ్ళు మరిచిపోయి ఆ వెనకే నడిచింది. ఆయన మాత్రం తలుపు దగ్గర కొయ్యబారిపోయాడు. తలుపుకి గొళ్ళెం లేదు, గడియ లేదు. ఒక తాడు ముక్క, అది తగిలించడానికి ఒక కొక్కెం. పక్క పాకలో ఉండే కాపలా ఆవిడ, ఆ తాడు కూడా తన మేక కోసమేననీ, లేకపోతే అది లోపల దూరి పడుకుంటుందనీ చెప్పింది. తాళంకప్పగారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఇంకేముంది, వంతులు మొదలయ్యాయి. ముందు అత్తాకోడళ్ళు నీళ్ళలో దిగి రావాలి, అంతవరకూ తండ్రీకూతుళ్ళు గడపలో కూర్చుంటారు. తర్వాత అత్తాకోడళ్ళు కాపలా, తండ్రీకూతుళ్ళు నీళ్ళలో. ఇల్లాలు అలల్లో నిలబడి వెనక్కి చూస్తే, మొగుడూ కూతురూ తలుపుకి అటొకరూ ఇటొకరూ బొమ్మల్లా కూర్చుని ఉన్నారు. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. తడి చీరతోనే వచ్చి ఆయన ముందు నిలబడింది.

"సముద్రం దగ్గరికొచ్చి కూడా వంతులేనా? మనం నలుగురం ఒకచోట ఉన్న ఫోటో ఒక్కటైనా ఉందా మనింట్లో?"

"తాడుని నమ్ముకుని ఎలా వెళ్తాం చెప్పు? రేపు గొళ్ళెం బిగించి పెద్దాయన్ని తగిలించేస్తాను. అప్పుడు అందరం కలిసే దిగుదాం," అన్నాడాయన. మోసం చేసే మనిషి కాదు, నిజంగానే అన్నాడు.

మర్నాడు గొళ్ళేనికి మర బిగిస్తే తలుపు చెక్క పొడిపొడిగా రాలింది. ఉప్పుగాలికి పుచ్చిపోయి ఉంది. సరే, నేలమీద చెక్క ఒకటి ఊడదీసి తలుపుకి అతికాడు. కొత్త చెక్క బరువుకి ద్వారబంధం ఒరిగింది. దాన్ని నిలబెట్టడానికి గొయ్యి తవ్వితే ఇసక జారి మళ్ళీ పూడిపోతుంది. అలా ఒక పని ఇంకో పనిని కంటూ పోయింది. అటుగా షికారుకి వచ్చినవాళ్ళు ఆగి చూసి, సంగతి కనుక్కుని, తమ పెట్టెల జిప్పులూ సంచీల తాళాలూ పట్టుకొచ్చారు. ఆయన కాదనలేదు. సెలవు గడపడానికి వచ్చిన మనిషి రెండోరోజుకల్లా కొట్టు తెరిచి కూర్చున్నాడు. సముద్రం ఆ వైపు ఉంది నాన్నా అని కూతురు వేలెత్తి చూపిస్తే, ఎక్కడికీ పోదులేమ్మా అన్నాడు, నోట్లో మరలు పెట్టుకుని.

ఈలోగా పాక వెనకవైపు ఒక తడిక వదులై పక్కకి జరిగింది. మొదట కనిపెట్టింది మేక. ఎంచక్కా అక్కణ్ణించి వచ్చి, అరటిపళ్ళు తిని, మళ్ళీ అక్కణ్ణించే పోయింది. తర్వాత అత్తగారు బావి దగ్గరికి దగ్గరదారి అని అటే తిరగడం మొదలుపెట్టింది. ఇల్లాలూ కూతురూ కూడా అలవాటుపడ్డారు. తలుపుతో కుస్తీపడుతున్న మనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెబితే ఆ తడిక కూడా మొదలుపెడతాడని అందరికీ భయమే.

తెల్లారితే ఊరికి తిరుగు ప్రయాణం అనగా, ఆ సాయంత్రానికి తలుపు తయారైంది. ఆయన గొళ్ళేనికి పెద్దాయన్ని తగిలించి, తిప్పి, లాగి చూశాడు. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూశాడు. నీళ్ళలో పడిపోతుందని తాళంచెవి ఇల్లాలి చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుంది. నలుగురూ కలిసి ఇసకలో నడిచారు. ఆవిడకి కాళ్ళు నేలమీద ఆనలేదు.

నీళ్ళలో దిగాక చూస్తే, ఆయన సముద్రానికి వీపు పెట్టి, పాకకి మొహం పెట్టి నిలబడ్డాడు. వెనకనుంచి అల వచ్చి ఒక్కటిచ్చుకుంది. పడ్డాడు, లేచాడు, కళ్ళలో ఉప్పునీళ్ళు తుడుచుకుని మళ్ళీ తలుపు వైపే చూశాడు. పాక దగ్గర ఏదో కదిలింది. మేకే.

"ఎవరో తిరుగుతున్నట్టున్నారు. మీరు కానివ్వండి, నేను వెళ్ళి కూర్చుంటాను. తాళంచెవి ఇలా ఇయ్యి," అని ఇల్లాలి ముందు చెయ్యి చాపాడు.

ఆవిడ ఆ చేతిని చూసింది. అవతల పొద్దు వాలుతోంది. మొగుడితో అబద్ధమాడటం ఆవిడకి కొత్తేం కాదు, కూరలో ఉప్పు దగ్గర్నుంచి పుట్టింటి కబుర్ల దాకా ఆడింది. ఇంత పెద్దది మాత్రం ఆడలేదు. కొంగు నడుం చుట్టూ తిప్పి దోపుకుంటూ, "పోయిందండీ. ఇందాక అలకి కొట్టుకుపోయింది," అంది.

ఆయన నీళ్ళవంక చూశాడు, ఆవిడవంక చూశాడు. కూతురి జడలోంచి పిన్ను లాక్కుని పాక వైపు పరుగందుకున్నాడు. పనిముట్ల సంచీ పెద్దాయన కాపలాలో లోపల భద్రంగా ఉంది మరి. అత్తగారూ మనవరాలూ ఒడ్డున ఇసకలో కూలబడి, వాడి తాళం వాడికే తగిలిందని నవ్వుకుంటున్నారు. ఇల్లాలికి నవ్వు రాలేదు. చేసిన పనికి మనసొప్పక ఆయన వెనకాలే వెళ్ళి, కొంచెం ఎడంగా కొబ్బరిచెట్టు పక్కన ఆగింది. నిజం చెప్పేద్దామనే వచ్చింది.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దాయనకి చెవి ఆనించి, పిన్నుతో మెల్లగా కెలుకుతున్నాడు. ఆవిడ నోరు తెరవబోయింది. అంతలో టక్కుమంది.

అది తాళం ఊడిన చప్పుడు. ఎవరిని మోసం చేసినా ఆ చప్పుడు ఆవిణ్ణి మోసం చేయలేదు. ఎవరివల్లా కాదని ఆయన ఊరంతా చాటింపు వేసుకున్న తాళం, జడపిన్నుకి ఊడిపోయింది. తలుపు కాస్త తెరుచుకుంది. ఆ సందులోంచి మేక మూతి బయటికొచ్చి, నములుతూ, ఆయన మొహంలోకి చూసింది.

ఆయన తల తిప్పి ఒడ్డువైపు చూశాడు. అక్కడ తన తల్లీ, తన కూతురూ తడిబట్టలతో నవ్వుకుంటూ, పక్కన ఇద్దరికి సరిపడా చోటు వదిలి కూర్చున్నారు. చాలాసేపు అటే చూశాడు. చివరికి మేక మూతిని అరచేత్తో లోపలికి నెట్టి, తలుపు దగ్గరికి లాగాడు. మళ్ళీ టక్కుమంది. ఇది పడిన చప్పుడు.

ఇల్లాలు గబగబా వెనక్కి నడిచి అత్తగారి పక్కన కూర్చుంది. కళ్ళు చెమ్మగిల్లితే సముద్రం మీదకి నెట్టేసింది. కాసేపటికి ఆయన చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"నేను ముందే చెప్పానా? పెద్దాయన్ని తెరవడం నా వల్ల కూడా కాదని," అన్నాడు, ఎంతో దర్జాగా. అని, కూతురికి పిన్ను ఇచ్చేసి ఆ చోట్లో చతికిలబడ్డాడు. సముద్రం వైపు మొహం పెట్టి కూర్చోవడం అలవాటు లేదేమో, కాళ్ళు ఎలా పెట్టుకోవాలో తెలియక కాసేపు అవస్థపడ్డాడు.

పొద్దు నీళ్ళని తాకింది. కూతురు తండ్రి భుజానికి ఆనుకుంది. మాట్లాడకుండా ఉండలేని మనిషి అత్తగారొక్కతే.

"తాళంచెవి పోతే మాత్రం ఏమైందిరా? వెనక తడిక జరిపితే ఎంచక్కా లోపలికి పోవచ్చు. మూడురోజుల్నుంచి మేకా నేనూ అటే తిరుగుతున్నాం," అంది.

ఇల్లాలికి పైప్రాణాలు పైనే పోయాయి. ఇక లేస్తాడు, తడిక పని పడతాడు అనుకుంది. ఆయన తల తిప్పలేదు.

"ఉండనీలే అమ్మా. పొద్దు పూర్తిగా పోనీ," అన్నాడు.

ఇల్లాలు నడుం దగ్గర ముడి మీద బిగించిన చెయ్యి వదిలేసి, ఆ చేత్తో ఆయన మోచేతికంటిన ఇసక దులిపింది.