మా వదిన ఇంజను

మా వదిన టైలరు, మా అన్నయ్య టర్నరు. ముందు గదిలో ఆవిడ కుట్టుమిషను, వెనక గదిలో ఆయన ఇనుము తిప్పి చెక్కే లేత్. పెళ్లయిన కొత్తలో ఒకరి గదిలోకి ఒకరు అడుగుపెట్టేవారు కాదు. గుడ్డలకి నూనె మరకలవుతాయని ఆవిడ భయం, పనిముట్లకి దారపు పోగులు చుట్టుకుంటాయని ఆయన గోల. మధ్యలో ఉన్న వంటగదిలో కలుసుకుని భోంచేసేవారు. పక్క వీధిలో ఉండే నేను వెళ్లినప్పుడల్లా ఆయన మీద ఆవిడకీ, ఆవిడ మీద ఆయనకీ చాడీలు చెప్పి, టీ తాగి వచ్చేదాన్ని. ఆడపడుచునన్నాక ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

అన్నయ్య పగలంతా ఫ్యాక్టరీలో ఇనుము చెక్కి, ఇంటికొచ్చి మళ్లీ ఇనుమే చెక్కేవాడు. కాకపోతే ఇంట్లో చెక్కేది సరదాకి. రెండు చేతుల్లో పట్టేంత ఆవిరి ఇంజను చెయ్యాలని ఆయన పిచ్చి. కింద స్పిరిట్ దీపం, దాని మీద రాగి బాయిలరు, పక్కన ఇత్తడి సిలిండరు, అది తిప్పే చిన్న చక్రం. బాయిలరూ చక్రమూ పూర్తయ్యాయో లేదో, స్కూటరు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ వేళ్లకి పట్టు రాలేదు. స్పూను కూడా జారిపోయేది. ఫ్యాక్టరీ మానెయ్యాల్సి వచ్చింది.

ఆ చెయ్యి విరిగాక ఆయన మనిషే మారిపోయాడు. అసలు మాట్లాడ్డమే తగ్గించేశాడు. సొంత ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చునేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, లేత్ బోల్టుల బాబాయికి అమ్మేస్తానన్నాడు. బోల్టుల బాబాయి మాకు చుట్టమేమీ కాదు. వీధి చివరి షెడ్డులో బోల్టులు చేస్తాడు, అందరికీ బాబాయే. ఆ లేత్ మీద ఆయనకి ఎప్పటినుంచో కన్నుంది.

"అది కూడా పోతే ఈ మనిషి ఇంక కోలుకోడు," అని వదిన వంటగదిలో నా చెవిలో అంది. అని ఊరుకునే రకమా? కొలత టేపు మెడలో ఉండగానే వెళ్లి భర్త ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, ఆ ఇంజను సగంలో ఆగిపోయింది కదా. అది పూర్తయ్యేదాకా ఆగండి. తిరిగిందా, లేత్ ఇంట్లోనే ఉంటుంది. తిరక్కపోతే అప్పుడే అమ్మేద్దురుగాని."

"ఎవరు చేస్తారు దాన్ని?"

"మీరు చెప్పండి, నేను చేస్తా."

అన్నయ్య నా వంక చూశాడు, విన్నావా ఈవిడ మాటలు అన్నట్టు. తర్వాత "సరే" అన్నాడు. ఎలాగూ అయ్యే పని కాదులే అన్న ధీమా ఆ ఒక్క మాటలోనే వినిపించింది. నాకు చెడ్డ కోపం వచ్చింది. వదినని ఏమైనా అంటే నేననాలి గానీ ఈయనెవరు?

మర్నాటి నుంచి పొద్దున్నపూట వదిన వెనక గదికి మారింది. జడ ముడేసి, చేతులు పైకి మడిచి, లేత్ ముందు నిలబడేది. అన్నయ్య పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు. మొదట్లో ఒక్కో మాటా పీకి తీసినట్టు వచ్చేది. లేత్ తిరుగుతుంటే వదిన కళ్లు మూసుకునేదట. "కళ్లు మూసుకుని సూదిలో దారం ఎక్కిస్తావా?" అని ఆయన విసుక్కున్నాడు. అదే మొదటి పూర్తి వాక్యం.

సిలిండరయ్యాక దాని లోపల జారే పిస్టన్ వంతు వచ్చింది. కొలిచి చూస్తే ఉండాల్సినదానికంటే లావుగా ఉంది.

"ఇదేంటి, ఇంత ఎక్కువ వదిలేశావు?"

"కుట్లకండీ."

"పిస్టన్‌కి కుట్లేంటి! రేపు ఒళ్లు చేస్తే విప్పుకుంటుందా?"

అంత గట్టిగా అరిచాడని చెబుతూ వదిన మొహం చాటంత చేసుకుంది. అరిచినందుకు అంత సంబరపడ్డ పెళ్లాన్ని నేనెక్కడా చూడలేదు. పైగా ఆవిడ సమాధానం కూడా చెప్పిందట, ఎక్కువుంటే తగ్గించుకోవచ్చు, తక్కువైతే పారెయ్యడమేగా అని. అది న్యాయమైన మాటే గనక ఆయన గొణుక్కుని, కొంచెం కొంచెంగా తీయించి, సిలిండర్‌లో సరిగ్గా జారేలా చేయించాడు. ఆ తర్వాత నేనెప్పుడు వెళ్లినా వెనక గదిలోంచి ఇద్దరి గొంతులూ వినబడేవి. చాడీలు చెబుదామంటే నాకు సందు దొరికేది కాదు.

చివరికి ఇత్తడి పలక మిగిలింది. సిలిండరు దాన్ని ఆనుకుని అటూ ఇటూ ఊగుతుంది. పలకకి రెండు బెజ్జాలు, ఒకదాంట్లోంచి ఆవిరి లోపలికి రావాలి, రెండోదాంట్లోంచి బయటికి పోవాలి. అన్నయ్య ఎడమచేత్తో వంకరటింకరగా బొమ్మ గీసిచ్చాడు. వదిన దాన్ని చూసుకుంటూ పలక మీద గుండుసూదితో గుర్తులు గీసి, బెజ్జాలు వేసి, గొట్టాలు బిగించింది.

ఆదివారం పొద్దున్న దీపం వెలిగించారు. బోల్టుల బాబాయి తోపుడుబండి, తాళ్లు సిద్ధం చేసుకుని మరీ వచ్చాడు. ఇంజను మీద ఆయనకి ఉన్న నమ్మకం అంత. బాయిలర్లో నీళ్లు మరిగి చిన్నగా బుసకొట్టాయి. ఇలాంటి ఇంజను దానంతటది కదలదు, మొదట ఎవరో ఒకరు చక్రాన్ని తట్టాలి. అన్నయ్య ఎడమచేతి వేలితో తట్టాడు. చక్రం కొంచెం వెళ్లి వెనక్కి తన్నింది. మళ్లీ తట్టాడు. ఫుస్సుమని వేడి తుంపర బాబాయి చొక్కా మీద పడింది. ఎన్నిసార్లు తట్టినా అదే వరస. అన్నయ్య మొహంలో ఒక్కో దీపం ఆరిపోవడం నాకు కనబడుతూనే ఉంది.

"ఇంక చాల్లే," అన్నాడు. "బాబాయ్, బండి లోపలికి తెచ్చుకో."

వదిన గుడ్డ అందుకుంది. శుభ్రంగా ఉన్న బల్లనే మళ్లీ మళ్లీ తుడుస్తోంది. ఆ చెయ్యి చూసేసరికి నాకు ఒళ్లు మండింది.

"తిరిగి చావు, దిక్కుమాలినదానా!" అని చక్రాన్ని ఒక్కటిచ్చాను. ఎటు కొట్టాలో నాకెవరు చెప్పారు? చెయ్యి ఎటొస్తే అటు కొట్టాను.

తిరిగింది! చక్, చక్ అని మొదలై, చకచకచకమని అందుకుని, చక్రం ఆకులు కనబడనంత జోరుగా తిరిగింది. నలుగురం నోరెళ్లబెట్టాం. ముందుగా తేరుకున్నది బాబాయే.

"ఒరేయ్, ఇది ఉల్టా తిరుగుతోందిరా!"

అన్నయ్య పలక మీదికి వంగి చూశాడు. బొమ్మ చూశాడు. మళ్లీ పలక చూశాడు. "గుర్తులు ఎటువైపు గీశావు?" అని వదినని అడిగాడు.

"లోపలివైపేనండీ. పైవైపు గీస్తే కనబడవూ?"

అని, తనే నాలిక్కరుచుకుంది. టైలరు గుడ్డకి గుర్తులన్నీ లోపలివైపే పెడుతుంది. వదిన ఇత్తడికీ అదే మర్యాద చేసింది. వెనకనుంచి గీసిన కుడి, ముందునుంచి చూస్తే ఎడమయి కూర్చుంది. ఆవిరి రావాల్సిన దారిన పోతోంది, పోవాల్సిన దారిన వస్తోంది. అందుకే అన్నయ్య తట్టిన వైపు మొరాయించి, నేను కొట్టిన వైపు పరిగెత్తింది.

అన్నయ్య నవ్వు మొదలుపెట్టాడు. స్టూలు పట్టుకుని, పొట్ట పట్టుకుని, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. స్కూటరు మీంచి పడ్డ దగ్గర్నుంచి ఆయన నవ్వగా వినడం అదే మొదలు. వదిన కూడా నవ్వింది. నేను ఏడ్చాను, ఎందుకో అడక్కండి.

బాబాయి మాత్రం తాళ్లు వదల్లేదు. "ఉల్టా తిరిగితే తిరిగినట్టా? అది ఏ లెక్కలోకొస్తుంది? లేత్ సంగతి చెప్పరా ముందు."

"నన్నడుగుతావేంటి బాబాయ్?" అన్నాడు అన్నయ్య కళ్లు తుడుచుకుంటూ. "లేత్ ఎవరిదో వాళ్లనడుగు."

"ఎవరిదేంటి?"

"టర్నరుది," అని వదిన వైపు గడ్డంతో చూపించాడు.

ఫ్యాక్టరీలో అన్నయ్య చేతికింద ఎంతమంది పని నేర్చుకున్నారో. ఒక్కరినీ ఆయన ఆ మాటతో పిలవగా నేను వినలేదు. వదిన బల్ల తుడవడం ఆపేసింది. చక్రం తిరుగుతూనే ఉంది. ఆవిడ భర్త వంక చూసి, ఆ తర్వాత బాబాయి వైపు తిరిగింది.

"అమ్మడానికి లేదు బాబాయ్‌గారూ," అంది. "మా ఇద్దరికీ దాంతో పనుంది."