మా ఎదురింటి అత్త సింహళం

మా ఎదురింటి అత్త పోయిన సోమవారం పొద్దున్నే వెళ్లిపోయింది. పాలు పోయించుకుని గిన్నెతో లోపలికి నడుస్తూ గుమ్మంలోనే కూలబడిందట. గుండె అన్నారు. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది. ఆ వారం ఆమెది మధ్యాహ్నం షిఫ్టు, నాది పొద్దుటి షిఫ్టు. ఫ్యాక్టరీ బస్సులో ఉండగా నాకు ఫోన్ వచ్చింది. డ్రైవరు బస్సాపి దింపేశాడు. వెనక్కి అనకాపల్లి వెళ్లే ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడి గట్టిగా ఏడ్చాను.

వరసకు ఆమె నాకేమీ కాదు. ఎదురిల్లు కాబట్టి అత్త. ఐదో తరగతితో చదువు ఆపేసింది. మావయ్య తుమ్మపాల వైపు చెరుకు రైతుల దగ్గర బెల్లం వండే పనికి వెళ్తే, ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. శ్రీలంక వాళ్లెవరో బట్టల ఫ్యాక్టరీ పెట్టారని, కుట్టుపని వచ్చిన ఆడవాళ్లను తీసుకుంటున్నారని తెలిసి ఇద్దరం కలిసే చేరాం. నాకు ఇరవై, ఆమెకు నలభై రెండు. కాగితంలో మాత్రం ముప్పై అయిదు రాయించి నాకేసి కన్నుకొట్టింది.

లంక నుంచి వచ్చిన ట్రైనర్ మేడమ్‌కు తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. కోపమొస్తే సింహళంలోకి దిగిపోయేది. మా లైనులో అందరం తల వంచుకుని కూర్చునేవాళ్లం. ఇంటర్ దాకా ఇంగ్లీషు చదివిన నేను అందరికన్నా ఎక్కువ వంచుకునేదాన్ని. తప్పు మాట్లాడతానేమోనని భయం. మనసులో వాక్యం కట్టుకుని, సరిచూసుకుని, నోరు తెరిచేసరికి ఆవిడ పక్క లైనుకు వెళ్లిపోయేది.

అత్త మూడో రోజునే మేడమ్ దగ్గరకు వెళ్లి సూది చూపించి కనుబొమ్మలెగరేసింది. "ఇందికట్ట" అంది మేడమ్. బట్ట మీద గీతలు గీసే సుద్దతో అత్త ఆ మాటను తెలుగక్షరాల్లో ముంజేతి మీద రాసుకుంది. అక్కణ్నుంచి రోజుకు మూడు మాటలు. అంతకన్నా వద్దనేది. సాయంత్రం బస్సులో చెయ్యి నా ఒళ్లో పెట్టి, "సూసి అప్పజెప్పించుకోవే" అనేది. చెమటకు సుద్ద చెరిగిపోతే మర్నాడు వెళ్లి అవే మాటలు మళ్లీ అడిగేది.

నాలుక తిరక్క ఆమె ఒకే మాటను పదిసార్లు అంటుంటే అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. ఒకసారి రిజిస్టరులో రాయడానికి మేడమ్ ఆమె భర్త పేరు అడిగింది. మొగుడి పేరు నోటితో పలకడం అత్తకు అలవాటు లేదు. ఊరుకుంది. ప్రశ్న అర్థం కాలేదనుకుని మేడమ్ రెట్టింపు గొంతుతో అడిగింది, ఆపైన కాగితం మీద బొమ్మ గీసి అడిగింది. చివరికి నేను చెప్పాను. ఇంటికొచ్చేదాకా అత్తకు ఒకటే నవ్వు. "బాస రాక ఊరుకున్నాననుకుంది ఎర్రితల్లి. పాపం, మీసాలు కూడా గీసింది!"

"అందరూ అలా నవ్వుతంటే నీకు సిగ్గెయ్యదేటి అత్తా?" అని అడిగాను.

"ఎయ్యకేం? అత్తోరింట్లో కొత్తకోడలికి ఎయ్యదా? అలాగని ఉప్పెక్కడుందో అడక్కుండా సప్పిడి కూర వొండేత్తాదేటి?"

ఫ్యాక్టరీలో ఒక నియమం ఉంది. సూది విరిగితే ముక్కలన్నీ వెతికి, కాగితానికి టేపుతో అంటించి ఇస్తేనే కొత్త సూది ఇస్తారు. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ కట్టలోని బట్టలన్నీ పక్కన పెట్టాలి. మేం కుట్టేవి పసిపిల్లల గౌన్లు. ఒక మధ్యాహ్నం నా సూది విరిగింది. మొన కనబడలేదు. చెబితే ట్రైనింగులోనే తీసేస్తారని భయం. మేడమ్ ఎదుట నిలబడి ఎలా చెప్పాలన్నది అంతకన్నా పెద్ద భయం. ఖాళీగా ఉన్న పక్క మెషిన్ సూది తీసి బిగించుకుని పని కానిచ్చేశాను. గౌన్ల కట్ట ముందుకు వెళ్లిపోయింది.

టీ వేళకు నా మొహం చూసి అత్త నిలదీసింది. చెప్పేశాను. ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"ఏ తల్లి కన్న బిడ్డకి ఎక్కడ గుచ్చుకుంటాదో. నడు."

"ఏటని సెప్తావు అత్తా? నీకన్ని మాటలు రావు కదా."

"వచ్చిన కాడికి సెప్తాను. మిగతాది ఆవిడే అడుగుతాది."

మేడమ్ ముందు నిలబడి "ఇందికట్ట" అంది, విరిగినట్టు వేళ్లతో చూపించింది. నన్ను చూపించి "నంగీ" అంది. చెల్లి అని. తర్వాత "బయ" అంది. భయానికి వాళ్ల మాటా దాదాపు అదే. మేడమ్ మొహం ఎర్రబడింది. సింహళంలో గబగబా అరిచేసింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అత్త వెయ్యలేదు. చెయ్యెత్తి "హెమిన్, హెమిన్" అంది, నెమ్మదిగా అని. అంత పెద్ద హాలులో మేడమ్‌ను నెమ్మదిగా మాట్లాడమన్నవాళ్లు అదివరకు లేరు. ఆవిడ ఆగింది. ఏ కట్ట, ఎప్పుడు అని ఒక్కొక్క మాటే అడిగింది. అత్త వచ్చినచోట మాటతో, రానిచోట చేతులతో జవాబు చెప్పింది. ఒకచోట రెండూ చాలక తెలుగులోనే చెప్పేసింది. అదీ అర్థమైపోయింది.

లైను ఆపారు. అయస్కాంతాలు పట్టుకుని అందరం గౌన్లు వెతికాం. ఒక గౌను మెడ దగ్గర కుచ్చుల్లో దొరికింది మొన. దాన్ని నేనే కాగితానికి టేపుతో అంటించి ఇచ్చాను. నన్ను తీసెయ్యలేదు. వారం రోజులు దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారంతే.

ఆ సాయంత్రం బస్సులో అత్త నన్ను తిట్టలేదు. "తప్పు మాటైనా మనిసికాడికి సేరిపోద్దే. నోట్లోనే దాసుకున్న ఒప్పు మాట ఎవుడికీ పనికిరాదు," అంది. చదువుకున్న నాకు ఆ సంగతి ఆమె చెప్పేదాకా తెలియదు. ఇప్పుడు నేను లైను లీడరుని. రోజంతా మాట్లాడడమే నా పని. ఆ ఉద్యోగం, ఆ నోరు రెండూ ఆమె పెట్టిన భిక్షే.

మేడమ్ ఏడాది కిందట తన దేశం వెళ్లిపోయింది. అయినా ఆదివారాలప్పుడు అత్తకు ఫోన్ చేస్తూనే ఉంది. అవతల మనిషికి కనబడవని తెలిసీ అత్త చేతులు తిప్పుతూ మాట్లాడేది.

నిన్న ఆదివారం. నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అత్త సెల్‌ఫోన్ మోగింది. మావయ్య దాన్ని చేతిలోకి తీసుకుని నాకేసి చూశాడు. నేను అందుకున్నాను. "అక్కా?" అంది మేడమ్. వాళ్ల భాషలోనూ అక్కను అక్కా అనే పిలుస్తారు. నేను వాక్యం కట్టుకోలేదు, సరిచూసుకోలేదు. నాకొచ్చిన మూడు సింహళం ముక్కల్లో అత్త ఇక లేదని చెప్పేశాను. అందులో తప్పులెన్నో నాకిప్పటికీ తెలియదు. అటునుంచి ఏడుపు వినబడింది.

మావయ్య చెయ్యి చాపాడు. "ఇలా తే అమ్మా, నేను మాటాడతాను."

ఆయనకు సింహళం ఒక్క మాట రాదు. మేడమ్‌ను ఎన్నడూ చూసి ఎరగడు. ఫోన్ చెవికి ఆనించుకుని, పాలు పోయించుకున్న దగ్గర్నుంచీ జరిగిందంతా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన ఆగినప్పుడు ఆవిడ తన భాషలో ఏదో చెబుతోంది. ఈయన తలాడిస్తూ వింటున్నాడు. మళ్లీ ఈయన చెబుతున్నాడు. ఎంతసేపటికీ ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.